గెలిచినవాడి వైపు నుంచే ప్రేమకథలా?

ఈ మధ్య మా వైపు జరిగిన ఒక సాహిత్య సమావేశంలో మా తమ్ముడి కూతురు తాను రాస్తున్న నవలలో ఒక అధ్యాయం చదివింది. రెండువేల ఏళ్ల కిందటి బ్రిటన్. కెల్టు తెగ నాయకుడి కూతురు, ఆమెను చెరపట్టిన రోమను దళపతి, ఓక్ చెట్ల కింద మంత్రాలు చదివే డ్రూయిడ్ పూజారి, మాట్లాడే తోడేలు. చివరికి ఆ పిల్ల దళపతినే ప్రేమిస్తుంది. చదవడం ముగిసీ ముగియకముందే ఒక పెద్దాయన లేచాడు. "మనకు రాయలవారు లేరా? రుద్రమదేవి లేదా? ఎక్కడివో తెల్లవాళ్ల కథలు మనకెందుకు? పైగా ప్రేమలు, మాయలు!" చప్పట్లు మోగాయి. అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టేసుకుంది.

ఆ చప్పట్లు కొట్టినవాళ్లతో నాకు పేచీ ఉంది. అమ్మాయితోనూ ఉంది. రెండూ ఇక్కడే తేల్చుకుంటాను.

ముందు పెద్దల సంగతి. ప్రేమ, మాయ, చరిత్ర కలిపి వండడం తెలుగువాళ్లకు కొత్తా? అడివి బాపిరాజు శాతవాహనుల కాలాన్ని 'హిమబిందు'లో ప్రేమకథ చేసి, అందులో విషకన్యను నడిపించాడు. మనం అపురూపంగా చదువుకున్నాం. తెన్నేటి సూరి మంగోలుల 'చెంఘిజ్ ఖాన్'ను తెలుగులో రాస్తే, పరాయివాడి కథ అని ఎవరూ పక్కన పెట్టలేదు. 2017లో వచ్చిన 'గౌతమీపుత్ర శాతకర్ణి' సినిమాలో శాతకర్ణి గ్రీకు రాజు డెమెట్రియస్‌తో తలపడతాడు. ఆ డెమెట్రియస్ క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంవాడు. శాతకర్ణి క్రీస్తు తరువాతివాడు. ఇద్దరినీ ఒక రణరంగంలో నిలబెడితే చరిత్ర అనుకుని ఈలలు వేశాం. మా అమ్మాయి ఇది కట్టుకథే అని ముందే చెప్పి రాస్తే తప్పయిందా?

రోమనులు మనకు అంత దూరం వాళ్లూ కాదు. మా పావగడ తాలూకాను ఆనుకున్నదే చిత్రదుర్గం జిల్లా. అక్కడి చంద్రవల్లి మట్టిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు దొరికాయి. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ, బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపాడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని ప్లినీ రోములో కూర్చుని గొణిగాడు. నాసిక్ శాసనం శాతకర్ణిని యవనులను అణచినవాడని పొగిడింది. కార్లే గుహలో స్తంభాలు దానం చేసినవాళ్లలోనూ యవనులున్నారు. శత్రువు కూడా యవనుడే, దాత కూడా యవనుడే. కాబట్టి 'ఎక్కడివో కథలు' అనే మాట చెల్లదు.

ఇక అమ్మాయితో పేచీ. అమ్మా, నువ్వు కెల్టులను ఎన్నుకున్నావు, సంతోషం. కానీ ఎవరి కళ్లతో చూశావు? డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టరని రాసింది సీజర్. అంటే వాళ్లను గెలవడానికి వచ్చినవాడు. బూడికా కథ చూడు. భర్త చనిపోయాక రోమనులు ఆమెను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు. క్రీ.శ. 60-61లో ఆమె తిరగబడి లండనుతో సహా మూడు పట్టణాలు తగలబెట్టింది. ఈ సంగతంతా మనకు చెప్పింది టాసిటస్, డియో. ఇద్దరూ రోము ఏలుబడి వాళ్లే. యుద్ధానికి ముందు ఆమె మాట్లాడిన మాటలు కూడా వాళ్లు కూర్చినవే. ఆమె జనం రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. రాయనివాడి కథను గెలిచినవాడు రాస్తాడు. ఆ తరువాత వందల ఏళ్లకు నువ్వు కూడా గెలిచినవాడినే అందగాణ్ణి చేశావు. చెరలో ఉన్న పిల్లకు కాదనే హక్కు లేనప్పుడు ఆమె ఔనన్నదానికి విలువేమిటి?

అలాగని ఆ సరిహద్దులో ప్రేమ లేదని నేననను. ఇంగ్లండులోని సౌత్ షీల్డ్స్‌లో ఒక సమాధి రాయి దొరికింది. క్రీస్తు తరువాత రెండో శతాబ్దానిది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బారాతెస్ తన భార్య రెజీనా కోసం నిలబెట్టాడు. ఆమె కతువెల్లౌని అనే బ్రిటన్ తెగ పిల్ల. ఒకప్పుడు అతని బానిస. విడుదల చేసి పెళ్లాడాడు. ముప్పై ఏళ్లకే పోయింది. రాతి మీద ఆమె నూలు బుట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కింద లాటిన్‌లో వివరాలు, అవీ తప్పులతడక. దాని కింద అతని సొంత భాషలో ఒక్క వరుస. ఫలానావాడు విడిపించిన రెజీనా అని చెప్పి, అయ్యో అంటుంది. అంతే. దొరతనం భాషలో వివరం, ఇంటి భాషలో ఏడుపు. అందులో ప్రేమా ఉంది, బానిసత్వమూ ఉంది. ఒకటి చూపించి ఒకటి దాచేదే చవకబారు నవల.

బారాతెస్ చేసింది మనకు తెలియనిదా? మా క్యాతగానచెర్లులో అర్జీ కన్నడంలో రాస్తాం, చావుకు తెలుగులో ఏడుస్తాం. కన్నడం మనకు రోము కాదు, అన్నం పెట్టిన భాష. కృష్ణా గుంటూరు తెలుగును కొలబద్ద చేసి మన మాటను 'కలగూర భాష' అనేవాళ్లతోనే నాకు ఎక్కువ చిక్కు.

ఈ మాటే అమ్మాయితో అంటే, "పెద్దనాయనా, మనూర్లో ఏముండాది రాసేకి?" అంది. నిడుగల్ కొండ మన తాలూకాలోనే ఉంది. కరికాలుడి వంశం మాదని చెప్పుకుని, హొయసలులతో తలపడిన చోళులు ఏలిన కోట అది. నొళంబుల రాజధాని హేమావతి గడప దాటితే ఆంధ్రలో ఉంది. అక్కడ చెరపట్టిన పిల్లలు లేరా? తోడేళ్లు లేవా? రాయడానికి మనిషి లేడు, అంతే.

తొందర కూడా ఉంది. 2018లో మొదలైన సౌర విద్యుత్ పార్కు కిందికి మా ఊరితో కలిపి ఐదు ఊళ్ల భూములు, సుమారు 13,000 ఎకరాలు, కౌలుకు పోయాయి. భూమి ఉన్నవాడికి కౌలు డబ్బు వచ్చింది, కూలివాడికి చేను పని పోయింది. దాంతోపాటు మర్రిమాను చేను, దయ్యాల గుంట లాంటి పేర్లూ పోతున్నాయి. గాజు పలకలకు వరుస నంబర్లే ఉంటాయి. పేరు పోయిన చోట కథ నిలవదు.

పెద్దలారా, ఆ పిల్లను రాయనివ్వండి. బ్రిటన్ అయినా సరే, నిడుగల్ అయినా సరే. అమ్మాయీ, నువ్వు ఆ అధ్యాయం మళ్లీ రాయి. ఈసారి చెరలో ఉన్న పిల్ల చెప్పాలి. దళపతి మంచివాడే కావచ్చు, ఆ సంగతి ఆమె తేల్చుకుంటుంది. తోడేలును మాత్రం తీసేయొద్దు. అది మన యాసలోనే మాట్లాడాలి.