ఖాళీ తూటాకు అడకత్తెర వైద్యం

తుపాకీ పేలింది. గుండు వెళ్ళిపోయింది. మందు కాలిపోయింది. దాన్ని అంటించిన ప్రైమర్ కూడా తన పని ముగించుకుంది. ఇక మిగిలింది చిన్న ఇత్తడి గొట్టం... అంతే! సినిమాల్లో అయితే అది టింగుమంటూ నేల మీద దొర్లుతుంది. అక్కడితో దాని పాత్ర సమాప్తం. నిజానికి రైఫిల్ తూటా మొత్తంలో ఖరీదైన భాగం తరచూ ఆ గొట్టమే. ఒక్కసారి పేలినంత మాత్రాన అది పాడైపోదు. కాస్త సరిచేస్తే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు.

అమెరికాలో వేటగాళ్ళు, గురి పోటీలకు వెళ్ళేవాళ్ళు నూట యాభై ఏళ్ళుగా చేస్తున్నది ఇదే. ఖాళీ గొట్టాలు ఏరుకుని ఇంటికి తెచ్చి, బాగు చేసి, మళ్ళీ నింపుకుంటారు. మన దగ్గర సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. అందుకే ఈ పనికి వాడే సరంజామా మనలో చాలామందికి కొత్త. తీరా చూస్తే మన వంటింట్లోనో, కంచరి కొలిమి దగ్గరో చూసిన వస్తువుల్లాగే ఉంటాయి. వాటిలో చాలావాటి తయారీ ఇప్పుడు ఆగిపోయింది.

ముందు ఆ ఇత్తడికి ఏమవుతుందో చూద్దాం. 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. ఈ మిశ్రమానికి 'కార్ట్రిడ్జ్ బ్రాస్' అనే పేరే స్థిరపడిపోయింది. ఈ కాలపు రైఫిల్ పేలినప్పుడు లోపల చదరపు అంగుళానికి 50 వేల పౌండ్లకు పైగా ఒత్తిడి పుడుతుంది. ఆ క్షణంలో గొట్టం ఉబ్బి తుపాకీ గోడకు అతుక్కుపోతుంది. వాయువు వెనక్కి, అంటే కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా అడ్డుపడుతుంది. ఒత్తిడి తగ్గగానే కొంచెం ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది. సాగడం, మళ్ళీ కుదించుకోవడం రెండూ చేతనైన లోహం కాబట్టే దీనికి ఇత్తడిని ఎంచుకున్నారు.

అయితే పూర్తిగా పాత కొలతకు రాదు. మెడ వదులవుతుంది. దాన్ని నొక్కి మళ్ళీ బిగువు చేయాలి. అలా నొక్కుతూ ఉంటే ఇత్తడి ముందుకు జరిగి గొట్టం పొడవు పెరుగుతుంది. 1906 నాటి అమెరికా సైనిక తూటా ముప్పై-నాట్-సిక్స్‌నే తీసుకోండి. దాని గొట్టం గరిష్ఠ పొడవు 2.494 అంగుళాలు. కత్తిరించాక ఉండాల్సింది 2.484. తేడా అంగుళంలో నూరో వంతు! అంతకు మించి పెరిగితే మూతి తుపాకీలో ఇరుక్కుని గుండును పట్టేస్తుంది, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతిలో ఉన్నది తుపాకీ కదా, నూరో వంతే అని వదిలేయడానికి లేదు.

ఇంకో చిక్కుంది. నొక్కిన కొద్దీ ఇత్తడి గట్టిపడి పెళుసవుతుంది. బిందెను సుత్తితో కొట్టీ కొట్టీ, మధ్యమధ్య కొలిమిలో కాల్చి మెత్తబరిచే మన కంచరికి ఇది కొత్త విషయమేమీ కాదు. తూటా గొట్టానికి కూడా మెడను అలాగే వేడిచేస్తారు. అడుగుకు మాత్రం వేడి తగలనివ్వకూడదు. అక్కడ మెత్తబడితే ఆ గొట్టం ప్రాణాంతకం.

ఈ అవస్థలన్నీ మొదట పడింది 1870ల్లో అమెరికా గడ్డిమైదానాల్లో అడవిదున్నలను వేటాడినవాళ్ళు. ఊరికి దూరంగా నెలల తరబడి మకాం. తయారు తూటాలు కొనాలంటే డబ్బు, తేవాలంటే బరువు. మందూ సీసమూ పెద్దమొత్తంలో తెచ్చుకుని, రాత్రి మంట దగ్గర కూర్చుని పగలు పేల్చిన గొట్టాలనే నింపుకునేవాళ్ళు. వించెస్టర్ లాంటి తుపాకీ కంపెనీలు ఆ రోజుల్లోనే చేతి పనిముట్లు కూడా అమ్మాయి. 1880ల చివరికి కోట్ల మందలో మిగిలిన దున్నలు వెయ్యికి లోపే. ఆ పాపంలో ఈ చిన్న పనిముట్లకూ వాటా ఉంది. పొదుపు ఎప్పుడూ మంచి పనికే ఉపయోగపడుతుందని ఎవరన్నారు!

1884లో జాన్ బార్లో అనే ఆయన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో ఐడియల్ అనే కంపెనీ పెట్టాడు. ఆయన పనిముట్టును చూస్తే మనవాళ్ళు ఠక్కున 'అడకత్తెర' అంటారు. అమెరికన్లకూ అలాగే తోచింది కాబోలు, 'నట్‌క్రాకర్' అని ముద్దుపేరు పెట్టుకున్నారు. రెండు పిడులు, మధ్యలో మడత కీలు. ఒక డై బిగించి నొక్కితే మెడ బిగుస్తుంది, ఇంకోటి బిగిస్తే పాత ప్రైమర్ ఊడుతుంది. కొన్నింటికి చివర గుండ్లు పోసుకునే అచ్చు కూడా ఉండేది. మొత్తం కార్ఖానా కోటు జేబులో పట్టేది! ఆ కంపెనీ 1910లో మార్లిన్ చేతికీ, 1925లో లైమన్ చేతికీ వెళ్ళింది. లైమన్ దాన్నే మెరుగుపరిచి '310' పేరుతో దశాబ్దాల పాటు అమ్మింది.

ఇక్కడ ఓ తమాషా చెప్పుకోవాలి. ప్రైమర్ అమరికలు ప్రధానంగా రెండు రకాలు. బ్రిటిష్ అధికారి బాక్సర్ పేరు మీద ఒకటి, అమెరికన్ బెర్డాన్ పేరు మీద ఇంకొకటి. రెండూ 1860ల నాటివే. బ్రిటిష్ బాక్సర్‌ది అమెరికాలో స్థిరపడింది, అమెరికన్ బెర్డాన్‌ది యూరప్‌లో స్థిరపడింది! బాక్సర్ పద్ధతిలో గొట్టం అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం. పైనుంచి సన్నటి చువ్వ దింపి ఒక్క దెబ్బ వేస్తే పాత ప్రైమర్ రాలిపోతుంది. బెర్డాన్‌లో పక్కపక్కన రెండు సన్న రంధ్రాలు, చువ్వ దూరదు. ఇంట్లో కూర్చుని నింపుకునే అలవాటు అమెరికాలో అంతగా పాకడానికి ఆ ఒక్క రంధ్రం కూడా ఒక కారణం.

1958లో రిచర్డ్ లీ అనే విస్కాన్సిన్ వాసి ఇంకా చవకైన దారి కనిపెట్టాడు. మొదట షాట్‌గన్‌కు, తర్వాత రైఫిళ్ళకు, పిస్తోళ్ళకు. పుస్తకమంత పెట్టె. అందులో ఒక డై, ఒక చువ్వ, మందు కొలిచే చిన్న చెంచా. మీ దగ్గర ఉండాల్సింది కొయ్యసుత్తి. టక్, టక్, టక్... తూటా తయారు! కొత్త ప్రైమర్‌ను సుత్తితో కూర్చేటప్పుడు అప్పుడప్పుడూ అది ఢామ్మని పేలి గుండె జారేది. దానికి భయపడి మానేసినవాళ్ళూ ఉన్నారు. గురి పోటీల వాళ్ళ కోసం 'టార్గెట్ మోడల్' అని ఒకటి చేశాడు. అందులో మెడ లోపలి ఇత్తడిని సన్నగా చెక్కి మందం సమం చేసే రీమర్ ఉండేది. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. షాట్‌గన్ పెట్టెదీ అదే దారి. లీ కంపెనీదే 'జిప్ ట్రిమ్' అని ఇంకొకటుంది. తాడు లాగితే గొట్టం గిర్రున బొంగరంలా తిరుగుతుంది, కత్తి పెట్టి మూతి చెక్కుకోవాలి. అదీ ఇప్పుడు తయారు కావడం లేదు.

ఇత్తడి పరిశుభ్రతకు సంబంధించి మన దేశం లోకానికి నేర్పిన పాఠం ఒకటుంది. బ్రిటిష్ కాలంలో సైన్యం వానాకాలమంతా తూటాలను గుర్రపుశాలల్లో దాచేది. వర్షాలు వెలిసి తీసి చూస్తే చాలావాటికి పగుళ్ళు! మందు మారలేదు, ఎవరూ కొట్టలేదు. కారణం 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడి లోపల మిగిలిపోయిన బిగువు, రెండూ కలిసి చేసిన పని అది. ఇత్తడి సామాన్లకు వాడే మెరుగు ద్రావకాల్లో కొన్నింటిలో అమ్మోనియా ఉంటుంది. తూటాలు నింపేవాళ్ళు వాటి జోలికి పోరు. తళతళలాడే గొట్టం కన్నా పగలని గొట్టమే వాళ్ళకు ముఖ్యం.

మరి ఇంత పనికొచ్చే పనిముట్లు ఎందుకు మూలపడ్డాయి? అడకత్తెరైనా, సుత్తి పెట్టె అయినా రైఫిల్ గొట్టం మెడను మాత్రమే బిగిస్తాయి, ఒంటిని కాదు. ఏ తుపాకీలో పేలిందో ఆ తుపాకీలోకే ఆ గొట్టం హాయిగా వెళుతుంది, వేరేదానిలోకి వెళ్ళాలని లేదు. ఒక మనిషి, ఒక రైఫిల్, ఏడాదికి ఓ యాభై తూటాలు... ఆ బతుక్కి సరిపోయింది. తనంత తానే తూటా ఎక్కించుకునే తుపాకులు వచ్చాక గొట్టాన్ని నిలువెల్లా నొక్కి సరిచేయాల్సి వచ్చింది. దానికి చేతి బలం చాలదు, బల్లకు బిగించే ప్రెస్సు కావాలి. ప్రెస్సులో వాడే డైలకు పేరుపడ్డ ఆర్‌సీబీఎస్ కంపెనీ 1943లో కాలిఫోర్నియాలో ఒక లాండ్రీ వెనక గదిలో పుట్టింది. తర్వాత మీట లాగినప్పుడల్లా ఒక తూటా పడే యంత్రాలు వచ్చాయి. వారాంతంలో అయిదొందలు కాల్చేవాడికి ఇక అడకత్తెర ఎందుకు?

వేగం పెరిగితే తప్పేమీ లేదు. కానీ చేత్తో చేసేవాడు ప్రతి గొట్టాన్నీ పట్టుకుని చూస్తాడు. కొస వంచిన సన్నటి తీగను లోపలికి పోనిచ్చి, అడుగుకు కాస్త పైన గోడ మీద తడుముతాడు. తీగ ఎక్కడైనా చిన్న గాడిలో పడిందా, అక్కడ ఇత్తడి పల్చబడిందని అర్థం. ఇంకోసారి పేలిస్తే గొట్టం రెండుగా విడిపోతుంది. యంత్రం మీట లాగేవాడూ ఈ పని చేయొచ్చు, జాగ్రత్తపరులు చేస్తారు కూడా. గంటకు వందల లెక్కన నడుస్తున్నప్పుడు ఎంతమందికి ఆగబుద్ధవుతుందన్నదే ప్రశ్న.

అసలు ఇబ్బంది తాతల నాటి రైఫిళ్ళున్న ఇళ్ళలో వస్తుంది. ఆ సైజు తూటాలు అంగళ్ళలో అరుదైపోయి ఉంటాయి. ఇంట్లో ఉన్న గుప్పెడు గొట్టాలను బాగు చేసుకుంటేనే తుపాకీ పేలేది, లేదంటే గోడకు అలంకారం. అందుకే అమెరికా తుపాకీ సంతల్లో పాత సామాను పెట్టెల ముందు కూర్చుని తుప్పు పట్టిన ఇనుప ముక్కలను ఒక్కొక్కటిగా వెలుతురుకు పెట్టి, మీద చెక్కిన అంకెలు చదువుకునే వాళ్ళు కనిపిస్తారు. 310 పిడులు ఏదో ఒక పెట్టెలో దొరుకుతాయి. తమ రైఫిల్‌కు సరిపోయే డై మాత్రం ఓ పట్టాన దొరకదు.