గూడుబండి మళ్లీ రోడ్డెక్కింది!

కారవాన్‌ అనగానే మనకు సినిమావాళ్లే గుర్తొస్తారు. షూటింగ్‌ జరిగే వీధి చివర ఏసీ హోరుతో నిలబడ్డ పెద్ద బస్సు, దాని మెట్ల దగ్గర కాపలా కుర్రాడు, లోపల ఏముందోనని తొంగిచూసే జనం. ఆ బస్సుకి చిన్న తమ్ముడి లాంటి బండి ఒకటి ఇప్పుడు మామూలు ఉద్యోగుల వాకిళ్లలోకీ వస్తోంది. దాని పేరు క్యాంపర్‌ వ్యాన్‌. టెంపో ట్రావెలర్‌ లాంటి బండిలో వెనక సీట్ల స్థానంలో మంచం, గ్యాస్‌ పొయ్యి, నీళ్ల ట్యాంకు అమరుస్తారు. శుక్రవారం రాత్రి సామాన్లు సర్దుకుని, శనివారం తెల్లవారుజామున బయల్దేరితే ఆదివారం రాత్రికి మళ్లీ ఇంట్లో ఉంటారు. హోటల్లో గది వెతుక్కోనక్కర్లేదు, మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఖాళీ చేయమనేవాళ్లూ ఉండరు.

ఇలాంటి బళ్లవాళ్లు నలుగురు ఒకచోట కలిస్తే ఏం మాట్లాడుకుంటారు? ఇంజిన్‌ గురించో, మైలేజీ గురించో అనుకుంటాం. అవీ ఉంటాయి. కానీ ముందుగా వచ్చే ప్రశ్న వేరే... ‘రాత్రి ఎక్కడ ఆపారు?’

అసలు కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. బండి కొనుక్కోవచ్చు, మార్పించుకోవచ్చు. రోడ్లకీ కొదవలేదు. దొరకనిదల్లా చీకటి పడ్డాక నిశ్చింతగా ఆగే చోటే. బెంగళూరు నుంచీ అనంతపురం నుంచీ కూడా వారాంతానికి అందుబాటులో ఉండే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దారిలోకి వెళ్తే ఆ సంగతి బాగా తెలుస్తుంది.

ఇది మనకు కొత్తా?

ఇల్లు కట్టుకుని తిరిగే బండి విదేశాల నుంచే వచ్చిందనుకుంటాం. ఇంగ్లండులో విహారం కోసం గుర్రపు బండిని ఇల్లుగా చేసుకుని తిరిగినవాళ్లు 1880ల్లోనే ఉన్నారు. 1907కల్లా అక్కడ కారవాన్ల వాళ్లకి ఒక క్లబ్బు కూడా ఏర్పడింది. జర్మనీలో 1951 నుంచి ఫోక్స్‌వ్యాగన్‌ వ్యాన్లలో మంచాలు, అల్మారాలు బిగించి అమ్మారు.

మరి మన గూడుబండి మాటేమిటి? వెదురు బద్దలు వంచి, పైన చాప కప్పి, అడుగున వరిగడ్డి పరిచిన ఎద్దులబండి. కదిరి తిరునాళ్లకి వెళ్లాలంటే ఇంటిల్లిపాదీ అందులోనే. పొద్దుగూకితే ఏ చింతతోపులోనో బళ్లు విప్పేవాళ్లు. మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికేవాళ్లు. పక్కబండి వాళ్లని ‘ఏ ఊరన్నా మీది?’ అని పలకరించేవాళ్లు. ఇరుసుకి పెట్టే కందెన దగ్గర్నుంచి ఎద్దు కాలికి రాసే మందు దాకా అన్నీ అక్కడ చేతులు మారేవి. ఇప్పుడు వ్యాన్లవాళ్లు ‘మీటప్‌’ అని పిలుచుకుంటున్నది దాన్నే!

తోలుబొమ్మలాట కుటుంబాలైతే ఏడాదిలో చాలా రోజులు బండి మీదే బతికేవి. బొమ్మల పెట్టె, తెర, మద్దెల, వంటపాత్రలు, పిల్లాజెల్లా అంతా ఎద్దులబండి మీదే. ఒక ఊళ్లో ఆట అయ్యాక ఇంకో ఊరికి ప్రయాణం. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో స్థిరపడ్డ కళాకారులు ఆ సంచారుల వారసులే. వారిలో దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది.

మోటారు బండిలో కాపురమంటే తెలుగువాళ్లు ముందుగా చెప్పుకోవాల్సింది చైతన్య రథం గురించి. 1982లో తెలుగుదేశం పెట్టాక ఎన్టీ రామారావు పాత షెవ్రోలె వ్యాన్‌ని బాగుచేయించి రాష్ట్రమంతా తిరిగారు. స్టీరింగ్‌ దగ్గర కొడుకు హరికృష్ణ. నిద్ర బండిలోనే, స్నానం, భోజనం రోడ్డు పక్కనే. బండి పైభాగమే ప్రసంగ వేదిక. ఆయన్ని 1985, 1989, 1994లో గెలిపించి అసెంబ్లీకి పంపింది ఈ హిందూపురమే. రాజకీయం సంగతి అలా ఉంచండి. క్యాంపర్‌ వ్యాన్‌ అనే మాట మన చెవిన పడకముందే తెలుగునాట అంత పేరు తెచ్చుకున్న బండి ఒకటుందన్నమాట.

రెండు రోజులు... మూడు ఊళ్లు

బెంగళూరు నుంచి హిందూపురానికి నూరు కిలోమీటర్ల పైచిలుకు. శనివారం పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరొచ్చు. బెల్లం, చింతపండు, మిరపకాయల వ్యాపారానికి పేరున్న ఊరు. పట్టుగూళ్ల మార్కెట్‌ కూడా ఉంది. ఉగ్గాని బజ్జీ తిని, రెండు రోజులకి సరిపడా కూరగాయలు ఇక్కడే కొనుక్కోవచ్చు. వంట బండిలోనే చేసుకున్నా సరుకులు మాత్రం ఆగిన ఊళ్లోనే కొనడం వ్యాన్లవాళ్లకి మంచి అలవాటు. మన రాక వల్ల ఆ ఊరికి కలిగే లాభం అదేగా!

అక్కడికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం, నేలకు ఆనీ ఆనకుండా వేలాడే స్తంభం, పైకప్పు మీద రంగుల బొమ్మలు. ఊళ్లోకి అడుగుపెట్టే చోట 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తున్న ఏకశిలా నంది. యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఇది 2022లో చేరింది. అయితే రక్షిత కట్టడాల ఆవరణలో వంటావార్పూ కుదరదు. గుడి చూసుకుని, బండిని మరోచోట నిలుపుకోవాల్సిందే.

ఆదివారం పొద్దున పెనుకొండ. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఇక్కడికే తరలింది. గగన్‌మహల్‌, కోట గోడలు, బాబయ్య దర్గా, పడుకున్న కుంభకర్ణుడి పెద్ద బొమ్మ... పిల్లలతో వెళ్తే పూటంతా గడిచిపోతుంది. ఈ మండలంలోని ఎర్రమంచిలోనే కియా కార్ల కర్మాగారం ఉంది. 2019లో సెల్టోస్‌తో మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల సామర్థ్యంతో కట్టారు. అన్ని బళ్లు పుట్టే చోట ఒక బండి ఒక్క రాత్రి తలదాచుకోవాలంటే మాత్రం వెతుక్కోవాల్సి రావడం తమాషాయే!

మధ్యాహ్నానికి ధర్మవరం. మగ్గం చప్పుడు వినిపించే వీధుల్లో నడిస్తే పెద్దంచు పట్టుచీర ఎలా పుడుతుందో చూడొచ్చు. అక్కణ్నుంచి నిమ్మలకుంట వెళ్తే తోలుబొమ్మలు, ఆ తోలుతోనే చేసిన దీపాల గొడుగులు కనిపిస్తాయి. ఈ రెండుచోట్లా చూసి వచ్చేయడమే కాకుండా ఏదైనా కొనుక్కుంటే ఇంకా బాగుంటుంది.

ఈ ప్రయాణం అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోవాలి. ఏప్రిల్‌లో ఇక్కడి ఎండకి రేకు బండి పెనంలా కాలిపోతుంది.

లెక్క తప్పితే చీకటే

బండి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. లెక్క మాత్రం పక్కాగా ఉండాలి. ముందు కరెంటు. 12 వోల్టుల, 100 ఆంపియర్‌ అవర్ల బ్యాటరీ అంటే 1200 వాట్‌ అవర్లు. మామూలు లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీ అయితే సగమే వాడుకోవాలి, అంటే 600. అంతకు మించి పిండితే తొందరగా పాడవుతుంది. 25 వాట్ల ఫ్యాను 8 గంటలు తిరిగితే 200. 10 వాట్ల దీపాలు 5 గంటలు వెలిగితే 50. ఫోన్లకి ఇంకో 50. మొత్తం 300, హాయిగా సరిపోతుంది. అదే 45 వాట్ల చిన్న ఫ్రిజ్‌ పెట్టారనుకోండి, రోజులో సగంసేపు నడిచినా దానికొక్కదానికే 540 కావాలి. అప్పుడు లిథియం బ్యాటరీయో, పైకప్పు మీద సోలార్‌ పలకో తప్పదు. ఇంట్లో వాడే ఏసీని ఇంత చిన్న బ్యాటరీతో రాత్రంతా నడపాలన్న ఆశ వదులుకోవడమే మంచిది.

తర్వాత నీళ్లు. 80 లీటర్ల ట్యాంకు నింపితే బండి మీద 80 కిలోల బరువు పడినట్టే. పొదుపుగా వాడితే నలుగురికి రోజు గడుస్తుంది. ఇంట్లోలా కుళాయి విప్పి వదిలేస్తే మాత్రం సాయంత్రానికే ఖాళీ.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి. తలుపులు మూసేసి లోపల కుంపటి పెట్టొద్దు, పొయ్యి వెలిగించి వదిలేయొద్దు. ఇంజిన్‌ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవద్దు. కార్బన్‌ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట బండి బయట చేసుకోవడమే క్షేమం. పడుకునేటప్పుడు గ్యాస్‌ సిలిండర్‌ కట్టేసి, కిటికీ కాస్త తెరిచి ఉంచాలి.

కాగితాల దగ్గరా జాగ్రత్త అవసరం. సీట్లు తీసేసినా, పైకప్పు లేపినా అది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ కిందికి వచ్చే మార్పే. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి పక్కవీధి షెడ్డులో పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. బీమా కంపెనీకీ చెప్పండి. లేదంటే ప్రమాదం జరిగిన రోజున పరిహారానికి పేచీ వస్తుంది. సొంత వాడకానికి క్యాంపర్‌ వ్యాన్‌ అనే కోవ మన నిబంధనల్లో ఉంది. తెల్లబోర్డు బండిని అద్దెకు తిప్పడానికి మాత్రం వీల్లేదు.

నలుగురు కలిసిన చోట

వ్యాన్లవాళ్ల కలయికకి హడావుడేమీ ఉండదు. తెలిసినవాళ్ల తోట ఒకటి మాట్లాడుకుంటారు. బళ్లన్నీ అర్ధచంద్రాకారంలో నిలుపుతారు. తలుపులన్నీ మధ్యలోకి తెరుచుకుంటాయి. కాసేపటికి ఒకరి బండి ఇంకొకరు చూడటం మొదలు. ‘మంచం కింద డబ్బాలు భలే పెట్టించారే’, ‘సింకు నీళ్లు ఎటు పోతాయి?’, ‘దోమతెర ఎక్కడ కుట్టించారు?’ అన్నీ ఇలాంటివే. ఒక బండిలో సంగటి, ఇంకో బండిలో ఊరుబిండి, మరో బండిలో ఓళిగలు. పిల్లలు ఏ బండి ఎవరిదో మర్చిపోతారు.

ఇందులో ఆడవాళ్ల మాటకి ఎక్కువ విలువ. ఏ బంకులో రాత్రిపూట మరుగుదొడ్డి తాళం వేస్తారు, ఏ దాబా దగ్గర లైట్లుంటాయి, ఏ చోట ఇబ్బందిగా అనిపిస్తే లేచి వచ్చేశారు... ఇవి వాళ్లు చెబితేనే తెలుస్తాయి. బండి ముందుభాగం రోడ్డు వైపు ఉండేలా నిలపడం, కిందికి దిగకుండానే లోపల్నుంచి డ్రైవర్‌ సీట్లోకి వెళ్లే దారి ఉంచుకోవడం లాంటి చిట్కాలు కొత్తవాళ్లకి ఇక్కడే అందుతాయి. చీకటి పడే లోపే చోటు కుదుర్చుకోవాలన్నది వీళ్లందరి మొదటి పాఠం.

ఆగే చోటుకీ ఓ మర్యాద

అలాంటి చోటు ఎవరివ్వాలి? ప్రభుత్వాలు కొంత కదిలాయి. కేంద్ర పర్యాటక శాఖకి కారవాన్ల కోసం, అవి ఆగే పార్కుల కోసం ఒక విధానం ఉంది. కేరళ 2021లో ‘కేరవాన్‌ కేరళ’ మొదలుపెట్టింది. అయితే పెద్ద పార్కులే అక్కర్లేదు. రోడ్డుకి దగ్గర్లో చెట్లనీడ, ఒక కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రికి ఒక దీపం ఉంటే చాలు. ఒక రైతు తోటలో మూల కాస్త చోటిస్తే అయిదు బళ్లు ఆగుతాయి. వేరుశెనగ చేతికొస్తుందో రాదో తెలియని ఏడు, వారాంతాల్లో వచ్చే ఆ కాసిన్ని రూపాయలు చిన్నవేమీ కావు.

కానీ ఇది నీళ్లకు కరవున్న సీమ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. వందల అడుగులు తవ్వినా బోరులో నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు. ఇంటి నుంచి నింపుకోకుండా వచ్చి, ఊరి ట్యాంకు దగ్గర పైపు పెట్టేస్తే ఊరుకుంటారా? వాళ్లు బిందెలతో వరసలో నిలబడిన చోట మనం బండి కడుగుతామా? అలా ఒక్కరు చేసినా తర్వాత వచ్చే పదిమందికి ఆ ఊళ్లో చోటుండదు.

మరుగుదొడ్డి డబ్బా కూడా అంతే. చేలో, చెరువులో కుమ్మరించే హక్కు ఎవరికీ లేదు. మూతపెట్టి తీసుకెళ్లి ఇంటి సెప్టిక్‌ ట్యాంకులోనే వదలాలి. ప్లాస్టిక్‌ చెత్త మనతోనే తిరిగి రావాలి. రాత్రి తొమ్మిదయ్యాక పాటలు ఆపేయాలి, తోట మనది కాదు కదా. నీళ్లు తీసుకుంటే అడిగి తీసుకోవాలి, వాళ్లు వద్దన్నా డబ్బిచ్చి రావాలి. వచ్చేటప్పుడు ఆ రైతు ‘మళ్లీ ఎప్పుడొస్తారు?’ అని అడిగాడంటే మీరు మర్యాదగా ఉన్నట్టే. ఆ చోటు మీకే కాదు, మీ తర్వాత వచ్చేవాళ్లకీ మిగిలినట్టే.

ఇదంతా చదివి బండి కొనాలని మనసు లాగుతుంటే ఒక్క క్షణం ఆగండి. ముందు ఒక వారాంతానికి అద్దెకు తీసుకోండి. బయల్దేరే ముందురోజు రాత్రి మీ వాకిట్లోనే, ఇంట్లోకి వెళ్లకుండా అందులో వండుకుని, తిని, పడుకుని చూడండి. అగ్గిపెట్టె మర్చిపోయారా, దోమతెరకి చిల్లుందా, ఫ్యాను తెల్లవారుజామునే ఆగిపోయిందా... అన్నీ తెల్లారేసరికి తెలిసిపోతాయి. అక్కడైతే ఇల్లు పది అడుగుల దూరంలోనే ఉంటుంది!