కంప్యూటర్‌లోనూ వాడని పాయింట్లకు తాళం వేయాలి

హౌరా-ముంబయి ప్రధాన మార్గంలో ఉన్న బిలాస్‌పూర్ జంక్షన్ దగ్గర కట్నీ లైను వేరుపడుతుంది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ ఊరే ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడున్నాయి. బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే 'పాయింటు' గురించి ఆ ఇళ్లలో కొత్తగా చెప్పక్కర్లేదు. అవసరమైన చోట పాయింటు కదలకుండా బిగించి తాళం వేయడం రైల్వేలో పాత పద్ధతే. కంప్యూటర్ల విషయంలో ఈ జాగ్రత్త మనకింకా అలవడలేదు.

లైనక్స్ కంప్యూటర్‌లో హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపి నడిపేది కెర్నల్. వైఫై, ప్రింటర్, రకరకాల నెట్‌వర్క్ పద్ధతులు... వీటిలో చాలావాటికి కావలసిన కోడ్ 'మాడ్యూల్' అనే విడి ముక్కలుగా డిస్క్‌లో ఉంటుంది. కంప్యూటర్ ఆన్ కాగానే, కనిపించిన పరికరాన్ని బట్టి కొన్ని, ముందుగా రాసి ఉంచిన జాబితా ప్రకారం కొన్ని వాటంతటవే లోడవుతాయి. తర్వాత ఏదైనా ప్రోగ్రామ్ అడిగితే మరికొన్ని చేరతాయి. ఈ సౌకర్యంలోనే చిక్కుంది. లోడైన మాడ్యూల్‌కు కెర్నల్‌కున్న అధికారాలన్నీ వస్తాయి. అందులో లోపముంటే మొత్తం యంత్రానికే ముప్పు.

ఇది ఊహ కాదు. డీసీసీపీ అనే నెట్‌వర్క్ మాడ్యూల్‌లో 2005 నుంచి దాగి ఉన్న లోపం 2017 ఫిబ్రవరిలో బయటపడింది. డీసీసీపీని వాడేవారు బహు తక్కువ. అయినా, అది అందుబాటులో ఉన్న యంత్రాల్లో సాధారణ యూజర్ అడిగినా తనంతట తానే లోడయ్యేది. అలా పూర్తి అధికారం చేజిక్కించుకునే దారి దొరికింది. ముందే దాన్ని ఆపి ఉంచినవారికి ఈ బెడద లేదు.

ఆపడానికి సాధనాలు లైనక్స్‌లోనే ఉన్నాయి. అయితే 'బ్లాక్‌లిస్ట్'లో పేరు రాస్తే చాలనుకోవడం పొరపాటు. పరికరాన్ని చూసి తనంతట తాను లోడవడాన్నే అది ఆపుతుంది. పేరు పెట్టి పిలిచినా, మరో మాడ్యూల్‌కు అవసరమైనా లోడవుతూనే ఉంటుంది. పూర్తిగా ఆపాలంటే, లోడ్ చేయమన్నప్పుడు ఏమీ చేయకుండా ఊరుకోవాలని విడిగా రాయాలి. అవసరమైనవన్నీ లోడయ్యాక, మళ్లీ బూట్ చేసేవరకు కొత్తవి రాకుండా తలుపు మూసేసే ఏర్పాటూ ఉంది.

అన్నీ ఆపేయడం తెలివి కాదు. డిస్క్‌కు అవసరమైన మాడ్యూల్‌ను ఆపితే యంత్రం బూటే కాదు. అందుకే ఆఫీసులు, బడులు, ల్యాబుల్లో కంప్యూటర్ల బాధ్యత చూసేవారు ఒక చిన్న రిజిస్టర్ పెట్టుకోవాలి. ఏది లోడవుతోంది, ఏది ఆపాం, ఎందుకు ఆపామో అందులో రాయాలి. ముందు ఒక్క యంత్రంలో పరీక్షించి, తర్వాతే మిగతావాటిలో అమలు చేయాలి. అందుకు పైసా ఖర్చు లేదు. పాయింటుకు తాళం వేసిన మనిషికి తాళంచెవి ఎక్కడుందో కూడా తెలియాలి కదా!