క్రొత్త రాగమును గూర్చి

దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు బాట కిరుప్రక్కల శిక్షణాలయముల పలకలే కానవచ్చుచున్నవి. ఆ పలకల నడుమఁ బెరుగు మా బాలబాలికలలో నెవరేని సొంతముగా నొక వరుస కట్టి హార్మోనియముపై వాయించినచో, "ఇది యే పుస్తకములో నున్నది?" యని యడుగుట పెద్దలకు వాడుక. ఈ ప్రశ్న తగినది కాదని మా యభిప్రాయము.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి చరిత్రమును జూడుఁడు. వారు 1930 జూలై 6వ తేదీని కోనసీమలోని శంకరగుప్తమున జన్మించిరి. శైశవముననే తల్లి గతించెను. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు. గురువు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడలో కచేరి చేసి, పదునైదేండ్లు వచ్చు నప్పటికి 72 మేళకర్త రాగములను సాధించి, వానిలోఁ గృతులు రచించిరి. అనఁగా నేఁటి పదవ తరగతి విద్యార్థి వయస్సు! వల్లించుట మాత్రమే విద్య యని యింటిలోని పెద్దలు తలఁచియుండిన నీ కృతులు పుట్టెడివా?

పిమ్మట వివాదము వచ్చినది. రాగమునకు ఐదు స్వరములైన నుండవలెనని సంప్రదాయము. వీరో, నాలుగింటితోనే మహతి, లవంగి, సుముఖము మున్నగు రాగములను గల్పించిరి. మహతిలో నున్నవి షడ్జము, గాంధారము, పంచమము, నిషాదము మాత్రమే. వైణికులు ఎస్. బాలచందరుగారు మొదలైనవా రాక్షేపించిరి. ఆక్షేపించుట తప్పని మేమనము. శాస్త్రమును గాపాడువారును గావలయును. అయితే 72 మేళములను ముందుగా నేర్చినవారే వానిని దాఁటఁ జూచిరనుట మఱవరాదు. నేర్వకయే వేయు చిందులకును దీనికిని జాల దూరము. వీరు విజయవాడ సంగీత కళాశాలకుఁ బ్రిన్సిపాలుగా నుండి పరులకు నేర్పినవారు కూడ. 2016లోఁ జెన్నపట్టణమున గతించిరి.

అమెరికాలో ఛార్లెస్ ఐవ్స్ (1874–1954) అను స్వరకర్త యుండెను. అతని తండ్రి బ్యాండు నాయకుఁడు. కుమారునిచేఁ బాట యొక శ్రుతిలోఁ బాడించి, వాద్యమును వేఱొక శ్రుతిలో మ్రోయించెడివాఁడట. ఐవ్స్ న్యూయార్కులో జీవితభీమా వ్యాపారము నడపుచు, తీరిక వేళలయందు రచించెను. అతని మూఁడవ సింఫనీ 1946 వఱకు సభలో వినఁబడలేదు. మఱుసటి యేఁడే దానికిఁ బులిట్జరు బహుమానము వచ్చెను. సంగీతము కూడు పెట్టునా యను తలిదండ్రు లా భీమా కార్యాలయమును దలఁచుకొనవచ్చును.

మా కోరిక చిన్నది. వారమున కొక గంట, పిల్లలు తామే కట్టిన వరుసలను వినిపించుటకు విడువవలయును. సరళీస్వరములు సరిగా రానివారి కా గంటలోఁ బ్రవేశ ముండరాదు. హార్మోనియము శనివారము మధ్యాహ్నము ఖాళీగనే యున్నది.