అరుంధతి మొదలు మూల దాక

మన యిండ్లలో నక్షత్రముల పేర్లు తెలియని స్త్రీ యుండదు. బిడ్డ పుట్టగానే ఏ నక్షత్రమని యడుగుదుము. అన్నప్రాశనమునకు, అక్షరాభ్యాసమునకు, గృహప్రవేశమునకు పంచాంగము విప్పి రోహిణియో పుష్యమియో యని వెదకుదుము. ఎండలు మండునప్పుడు రోహిణి కార్తెయని నిట్టూర్చి, తొలి చినుకు పడగానే మృగశిర వచ్చినదని సంతసింతుము. అయినను "ఆ రోహిణి యేదో ఆకాశమున జూపు మమ్మా" యని పిల్లవాడడిగినచో, వ్రేలెత్తి చూపగలవారు మనలో బహు కొద్దిమంది. పేరు నోట నున్నది గాని వస్తువు కంటబడలేదు. పేరు మాత్రమే తెలిసి వస్తువు తెలియని చోట భయము సులువుగా జొరబడును. ఆ భయము వలన కలుగు కష్టమొకటి ఈ వ్యాసము చివర మనవి చేయుదును. ముందుగా ఆకాశమును పరిచయము చేసికొందము.

మన శాస్త్రములలో స్థూలారుంధతీ న్యాయమని యొకటి కలదు. అరుంధతి మిక్కిలి చిన్న చుక్క. నేరుగా జూపిన కన్నానదు. కావున మొదట దాని చెంతనున్న పెద్ద చుక్కను జూపి, చూపచ్చట నిలిచిన పిమ్మట "అది కాదు, దాని ప్రక్కనున్న చిన్నది" యని చెప్పుదురు. తెలిసినదానిని పట్టుకొని తెలియనిదానిని చేరుట యన్నమాట. ఆకాశమును నేర్చుకొనుటకు నేటికిని ఇంతకన్న మంచి మార్గము లేదు.

చైత్ర వైశాఖములలో రాత్రి 8, 9 గంటల వేళ మేడమీదికి పోయి ఉత్తరపు దిక్కు చూడుడు. ఏడు చుక్కలు బోర్లించిన గరిటెవలె కనబడును. నాలుగు గిన్నె, మూడు కాడ. అదియే సప్తర్షి మండలము. కాడ కొననుండి వరుసగా మరీచి, వసిష్ఠుడు, అంగిరసుడు, అత్రి, పులస్త్యుడు, పులహుడు, క్రతువు. కాడ నడుమనున్న వసిష్ఠుని నిదానముగా జూచినచో, ఆయన నంటిపెట్టుకొని మినుకుమను చిన్న చుక్క గోచరించును. ఆమెయే అరుంధతి. పగటి ముహూర్తములలో పురోహితుడు వెలుగుటాకాశమును జూపగా వధువు తలయూపుట ఆచారమైనది. కాని మన పెండ్లిండ్లు మెండుగా జరుగు వైశాఖమున రాత్రివేళ అరుంధతి నిజముగనే కనబడును. ఆ రాత్రి నూతన దంపతులకు మరల జూపుట కెవరి యాటంకమును లేదు గదా!

ఇందు మరియొక వింత కలదు. దూరదర్శినితో జూచిన వసిష్ఠుడు రెండుగా విడిపోవును. ఇంకను సూక్ష్మముగా పరీక్షింపగా ఆ రెండును నాలుగని తేలినది. అరుంధతికి సయితము చిన్న తోడుచుక్క యొకటి కలదని 2009లో కనుగొనిరి. ఇరువురే యనుకొన్న యింట ఆరుగురున్నారు. అది మన యుమ్మడి కుటుంబము వంటిదే.

పులహుని నుండి క్రతువు మీదుగా గీత గీచి, వారిరువురి నడిమి దూరమున కైదింతలు ముందుకు బోయినచో ధ్రువుడు తగులును. ధ్రువుడు చుక్కలన్నిటిలో గొప్ప వెలుగు గలవాడని పలువురు తలతురు. అది నిజము కాదు. ఆతని గొప్పతనము వెలుగున గాక నిలుకడ యందున్నది. ఒక యూరు భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరమున నున్నదో, ఆ యూర ధ్రువుడు నేలగీతకు ఇంచుమించుగా అన్ని డిగ్రీల యెత్తున నుండును. విజయవాడలో పదునారున్నర, హైదరాబాదులో పదునేడున్నర. చేయి చాచి పిడికిలి బిగించి చూచిన, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. కావున మనకు ధ్రువుడు ఒకటిన్నర పిడికిళ్లకు కొంచెము పైన మాత్రమే యుండును. ఎదుట చెట్టున్నను మేడయున్నను మరుగుపడును.

ఇక దూరముల మాట. చుక్కలు సూర్యునివంటి అగ్నిగోళములే. మిక్కిలి దూరమున నుండుటచే బిందువులవలె కనబడుచున్నవి. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పరుగిడును. సూర్యుని వెలుగు మనలను చేరుటకు 8 నిమిషములకు పైబడి పట్టును. ఒక సంవత్సరమున వెలుగు పోవు దూరమును కాంతి సంవత్సరమందురు. అది సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కిలోమీటర్లు. అరుంధతీ వసిష్ఠులు మనకు సుమారు 80 కాంతి సంవత్సరముల దూరమున నున్నారు. రోహిణి 65. అనగా మన యింట అరువదియైదేండ్లు నిండిన అత్తగారున్నచో, ఆమె పుట్టిన నాడు బయలుదేరిన వెలుగును మనమీ రాత్రి చూచుచున్నాము. కృత్తికల దూరము 440కి దాపు. మృగవ్యాధుడన్న మిక్కిలి తెల్లని చుక్క మాత్రము 8.6 కాంతి సంవత్సరములలోనే యున్నది. అందుచేతనే రాత్రి యాకాశమున చుక్కలన్నిటిలో దాని కాంతి మిన్న.

అశ్విని మొదలు రేవతి దాక 27 యేల? చంద్రుడు చుక్కల నడుమ ఒక చుట్టు తిరిగివచ్చుటకు 27 దినములకు కొంచెము పైగా పట్టును. ఆతడు దినమునకొక విడిది చేయునట్లు ఆ త్రోవను 27 భాగములుగా మన పూర్వులు విభజించిరి. అవియే నక్షత్రములు. ఇరువదియేడుగురు దక్షపుత్రికలు చంద్రుని భార్యలన్న కథకు మూలమిదియే. ఆ కథలో రోహిణిపై చంద్రునికి మక్కువ మెండు. ఆకాశమునను ఆతడు కొన్ని మాసములలో రోహిణికి మిక్కిలి చేరువగా పోవును. కొన్ని సంవత్సరములలో ఆమెను పూర్తిగా కప్పివేయుటయు కలదు.

మన మాసముల పేర్లును ఇట్లే పుట్టినవి. పున్నమినాడు చంద్రుడు చిత్త చెంతనుండిన చైత్రము, విశాఖ చెంత వైశాఖము, కృత్తికల చెంత కార్తికము, మఖ చెంత మాఘము. కార్తె యన్న మాట చంద్రునికి గాక సూర్యునికి చెందినది. సూర్యుడు రోహిణి భాగమున నుండు పదునాలుగు దినములే రోహిణి కార్తె. కావున రోహిణి కార్తెలో రోహిణి కనబడదు. ఆమె యెదుట సూర్యుడే నిలిచియుండును!

క్రొత్తగా నేర్చువారు ఒక్క రాత్రిలో అన్నియు చూడగోరవలదు. ఏ చుక్కయైనను దినమునకు సుమారు 4 నిమిషములు ముందుగా ఉదయించును. నెలకు రెండు గంటలగును. కావున ఆకాశము తానే మాసమునకొక పాఠము చొప్పున మనకు తెచ్చి యిచ్చును. కార్తిక బహుళమున చంద్రుడు ఆలసించి వచ్చు రాత్రులలో తూర్పున కృత్తికలను చూడుడు. మన పల్లెలలో పిల్లలకోడి యన్నది వీనినే. కంటికి ఆరు చుక్కలు, దూరదర్శినికి వేయికి మించినవి. వాని వెనుక ఎర్రనిది రోహిణి. పుష్యమున మూడు చుక్కలు వరుసగా నిలిచిన నడికట్టును గుర్తుపట్టుడు. దానికి ఉత్తరమున ఎర్రగా నుండునది ఆర్ద్ర. ఆ మూడు చుక్కలను ఆగ్నేయముగా సాగదీసిన మృగవ్యాధుడు. మాఘ ఫాల్గుణములలో దక్షిణమున అగస్త్యుడు. చైత్ర వైశాఖములలో సప్తర్షుల గరిటెకాడ వంపును సాగదీసిన స్వాతి, ఇంకను సాగదీసిన చిత్త. జ్యేష్ఠము మొదలు శ్రావణము దాక దక్షిణమున వృశ్చికము. పేరునకు తగిన రూపము గల రాశులు కొన్నియే. వానిలో ఇది మొదటిది. తేలు తల అనూరాధ, ఎర్రని గుండె జ్యేష్ఠ, కొండి మూల.

ఆ కొండి యొద్దనే పాలపుంత మిక్కిలి దట్టముగా నుండును. వినాయక చవితినాడు దేవుని పైన పత్రితో ఫలములతో కట్టు పాలవెల్లి దీనిని తలపించుటకే యని పెద్దలందురు. ఈ తెల్లని మసక నిజమునకు లెక్కలేని చుక్కల గుంపని 1610లో ఇటలీ దేశపు గెలీలియో దూరదర్శినితో చూచి ప్రకటించెను. మన సూర్యుడును ఆ గుంపులోని వాడే. ఈ మహామండలమునే గెలాక్సీ యందురు. ఇందు పదివేల కోట్లకు మించిన సూర్యులు కలరు. ఈ కొస నుండి ఆ కొసకు వెలుగు పోవుటకు సుమారు లక్ష యేండ్లు పట్టును.

ఇట్టి మండలములు వేరే కలవా యని పండితులు చాలకాలము వాదులాడుకొనిరి. ఆ వాదము తీరుటకు దారి చూపినది ఒక స్త్రీ. అమెరికాలోని హార్వర్డు వేధశాలలో పెక్కండ్రు స్త్రీలు ఛాయాచిత్రపు గాజుపలకలపై చుక్కలను కొలుచు పనిలో నుండిరి. వారిలో హెన్రియెట్టా లెవిట్ అను నామెకు చెవులు సరిగా వినబడవు. కన్ను మాత్రము మిక్కిలి నిశితము. కొన్ని చుక్కలు క్రమము తప్పక పెరుగుచు తరుగుచు నుండును. అవి యెంత నిదానముగా పెరిగి తరుగునో, వాని నిజమైన వెలుగంత గొప్పదని యామె 1912లో స్థాపించెను. దీపపు నిజమైన వెలుగు తెలిసినచో, కంటికి కనబడు వెలుగును బట్టి అది యెంత దూరమున నున్నదో గుణించవచ్చును గదా. ఆమె 1921లో గతించెను. 1923లో హబుల్ అను శాస్త్రజ్ఞుడు ఆండ్రోమెడా యను మసకలో అట్టి చుక్కను కనిపెట్టి, ఆమె సూత్రముతోనే గుణించి, అది మన మండలమునకు వెలుపలనున్న వేరొక మహామండలమని నిరూపించెను. నేటి గణనలో దాని దూరము 25 లక్షల కాంతి సంవత్సరములు. మార్గశిరమున చీకటి రాత్రి 8 గంటలకు ఉత్తరాభాద్రకు ఈశాన్యముగా, నడినెత్తికి కొంచెము ఉత్తరమున, పొగచూరిన మరకవలె అది వట్టి కంటికి కనబడును.

ఇక ముందు చెప్పిన కష్టము. మాకు తెలిసిన యొక కన్య కలదు. చదువుకొన్నది, నెమ్మదస్తురాలు. జాతకమున మూలా నక్షత్రమని యుండుటచే వచ్చిన సంబంధములు గుమ్మమెక్కకయే మరలుచున్నవి. మూల మామగారికి కీడట, ఆశ్లేష అత్తగారికట, జ్యేష్ఠ బావగారికట, విశాఖ మరిదికట. "వదినగారూ, నక్షత్రము మార్చి వేరొక జాతకము వ్రాయింపుమనుచున్నారు, ఏమి చేయుదును?" అని యా తల్లి నాతో కన్నీరు పెట్టుకొన్నది. ఆమెకు చెప్పినదే మీకును మనవి చేయుచున్నాను.

జన్మ నక్షత్రము మూల యనగా నేమి? బిడ్డ పుట్టిన వేళ చంద్రుడు తన త్రోవలోని 27 భాగములలో ఆ భాగమున నున్నాడని మాత్రమే యర్థము. చంద్రుడు మనకు సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరమున నున్నాడు. మూల చుక్కలు వందల కాంతి సంవత్సరముల ఆవల నున్నవి. జ్యేష్ఠ దూరము సుమారు 550. నేడు మన కంటబడు జ్యేష్ఠ వెలుగు శ్రీకృష్ణదేవరాయలు 1509లో సింహాసన మెక్కక మునుపే బయలుదేరినది. ఆ వెలుగునకు మన బావగారెవరో, మరిదియెవరో తెలియునా?

మరియు పుట్టినవారిలో ఇంచుమించు ఇరువదియేడవ వంతు మూలలో పుట్టుదురు. 2011 జనగణనలో ఆంధ్ర తెలంగాణములు కలిసిన జనసంఖ్య 8 కోట్ల 46 లక్షలు. అందు స్త్రీలు 4 కోట్ల 20 లక్షలకు దాపు. వారిలో మూల వారు 15 లక్షలకు తక్కువ కారు. వీరందరి మామగార్లకును కీడే జరుగుచున్నచో మన యూళ్లలో ఆ సంగతి దాగునా? మీ యిరుగు పొరుగున విచారించి చూడుడు. మూలలో పుట్టి, అత్తమామలకు చేదోడుగా నిలిచిన కోడండ్రు మీకే కనబడుదురు.

మరియొకటి. దసరా దినములలో ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మను సరస్వతిగా నలంకరించుట ఏ నక్షత్రమున? మూలలోనే. ఆ దినమున పిల్లల చేత పుస్తకములు పట్టించి బారులు తీరుదుము. విద్యాదేవతకు పనికివచ్చిన నక్షత్రము ఇంటి కోడలికి పనికిరాకపోవుట యెట్లు?

ఇంకొక సంగతి విన్నచో మీరు సంతసింతురు. మన గెలాక్సీ నడిబొడ్డు, 26 వేల కాంతి సంవత్సరముల దూరమున, మూలా భాగపు దిక్కుననే యున్నది. సూర్యుని వంటి చుక్కలు 40 లక్షలకు సరితూగు బరువు గల కృష్ణబిలము అచ్చట నున్నది. దాని జాడ స్థాపించినందులకు 2020లో నోబెల్ బహుమాన మందిన వారిలో ఆండ్రియా గెజ్ అను స్త్రీ యొకతె. 2022లో దాని చిత్రమును ప్రకటించిరి. మూల యని పేరు పెట్టిన పూర్వులకు ఈ సంగతి తెలియదు. పేరు కలియుట యాదృచ్ఛికమే. అయినను, కోట్లకొలది సూర్యులు ఏ మూలము చుట్టు తిరుగుచున్నవో ఆ దిక్కు పేరు మోయు పిల్లను తలవంచుకొని కూర్చుండుమనుట తగునా?

సోదరీమణులారా, దీనికి ఖర్చేమియు లేదు. వంటయిల్లు సర్దుకొన్న పిమ్మట అరగంట చాలును. దీపము లార్పి, సెల్ఫోను ప్రక్కనబెట్టి, కన్నులకు చీకటి యలవడుటకు 20 నిమిషములు ఓర్చుకొనవలెను. పట్టణమున పాలపుంత కనబడదు. పండుగకు పల్లెకు పోయినప్పుడు పిల్లలకు తప్పక చూపుడు. ఒక చిన్న పుస్తకమున తిథి, వేళ, చూచిన చుక్క వ్రాసియుంచుడు. ఒక సంవత్సరము గడచునప్పటికి పంచాంగములోని పేర్లలో సగమైనను మీకు ముఖపరిచయ మగును.

మీ యింట మూలలో పుట్టిన పిల్లయున్నచో, శ్రావణమున మబ్బు విడిన రాత్రి దక్షిణమున ఆ తేలు కొండిని జూపుడు. తన పేరిట ఇందరు భయపడుచున్న దేమిటో ఆ పిల్ల ముందుగా తన కన్నులార చూచుకొననిండు. సంబంధము కుదుర్చుకొనబోవు అత్తగార్లు సయితము ఒకమారు తలయెత్తి చూచినచో మరింత మేలు.

వచ్చే మాసమున చుక్కలవలె మినుకుమనక నిలుకడగా వెలుగు గ్రహములను గూర్చియు, వేగుచుక్క నిజముగా చుక్కయేనా యను దానిని గూర్చియు ముచ్చటించుకొందము.