విద్యుత్తు పొదుపు: ఎవరి వంతు ఎంత?

కరెంటు బిల్లు చేతికి వచ్చినప్పుడు గృహస్థుడు మొదట చూచునది అడుగుననున్న మొత్తము. చూడక విడుచునది నడుమనున్న ఒక చిన్న పంక్తి. ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు అని దానికి పెట్టిన పేరు. జనులందరును దానిని ట్రూ-అప్ అనుచున్నారు. ఏలినవారు ధర పెంచితిమని చెప్పరు. పట్టికలోని ధర నిలిచినచోటనే నిలిచియుండును. ఈ పంక్తి మాత్రము ఒక యేడు హెచ్చుచు, ఒక యేడు తగ్గుచు, మొత్తమును తన యిచ్చవచ్చినట్లు నడపుచుండును. గృహములయందు విద్యుత్తును పొదుపుగ వాడుడని బోధించువారికి నేడు కొదువ లేదు. ఆ బోధ మాకును సమ్మతమే. కాని ఎవరు పొదుపు చేయవలెను, ఎంత చేయవలెను, ఏ వేళ చేయవలెను అను ప్రశ్నలకు ఈ పంక్తిని చదువనిదే సమాధానము దొరకదు.

ధరను బాహాటముగ పెంచుటకు ప్రభుత్వములు జంకుటకు కారణము లేకపోలేదు. 2000 సంవత్సరము ఆగస్టు 28వ తేదీన హైదరాబాదు బషీర్‌బాగ్‌లో విద్యుత్తు చార్జీల పెంపునకు ప్రతికూలముగ నడచిన ప్రదర్శనపై పోలీసులు కాల్పులు జరుపగా ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఆ రక్తపు మరక ఏ పక్షమువారికిని మరపునకు రాలేదు. అందువలననే బరువును ముంగిట దింపక పెరటిదారిని లోనికి చేర్చు పద్ధతి వాడుకలోనికి వచ్చినదని మా తలంపు.

ఈ బరువు ఎచ్చటనుండి వచ్చినదో చూతము. మన దేశమున పుట్టు విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్లకు పైగ 2022లో బొగ్గునుండియే వచ్చినది. ఒక యూనిట్టు పుట్టించుటకు రమారమి 700 గ్రాముల బొగ్గు మండవలెను. 2021 ఆరంభమున టన్ను 100 డాలర్లకు లోబడియుండిన విదేశపు మేలిరకము బొగ్గు, ఉక్రెయిన్ యుద్ధము వచ్చిన 2022లో 400 డాలర్లను దాటెను. ఆ వేసవి ముందుగనే వచ్చి, ఎండ మండిపోయెను. 2022 మార్చిలో విద్యుత్ విపణియందు యూనిట్టు ధర 20 రూపాయలను తాకగా, కేంద్ర నియంత్రణ మండలి జోక్యము కలిగించుకొని 12 రూపాయల హద్దు గీయవలసివచ్చెను. ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్‌నందు కర్మాగారములకు విద్యుత్ సెలవు ప్రకటించిరి. నిరంతరము నడువవలసిన పరిశ్రమలు సగము విద్యుత్తుతో సరిపెట్టుకొనవలసివచ్చెను. సెలవు యంత్రమునకైనను, ఆనాటి కూలి పోయినది కార్మికునికి.

అట్లు ఎక్కువ వెలకు కొన్న విద్యుత్తును పంపిణీ సంస్థలు గృహములకు పట్టికలోని తక్కువ ధరకే అమ్మినవి. ఆ తేడా ఆవిరి కాలేదు. 2022-23 సంవత్సరపు ఖాతాక్రింద 6,072 కోట్ల రూపాయలను వినియోగదారులనుండి రాబట్టుకొనుటకు అనుమతి దొరకెను. 2024 డిసెంబరునుండి ఆ వసూలు మొదలయ్యెను. అనగా రెండేండ్లనాడు ఎవరో వాడిన దీపమునకు, ఆ యింట నేడు అద్దెకున్నవాడు వెల చెల్లించెనన్నమాట.

ఇక్కడ మా పాఠకులు ఒక చిన్న లెక్కను ఓపికతో చూడవలెను. 2023నుండి కొంతకాలము ఆంధ్రప్రదేశ్‌లో యూనిట్టుకు 40 పైసల చొప్పున సర్దుబాటు వసూలు చేసిరి. 2022 ఏప్రిల్‌లో అమలునకు వచ్చిన పట్టిక ప్రకారము మొదటి 30 యూనిట్లకు ధర 1 రూపాయి 90 పైసలు. 75 వరకు 3 రూపాయలు. 125 వరకు నాలుగున్నర. 225 వరకు 6. 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. రెండు దీపములు, ఒక పంకా, ఒక టీవీ గల చిన్న ఇల్లు నెలకు 50 యూనిట్లు వాడిన, దాని ధర 117 రూపాయలు. సర్దుబాటు 20 రూపాయలు. రెండు ఏసీలు గల మేడ 500 యూనిట్లు వాడిన, దాని ధర 3,523 రూపాయలు. సర్దుబాటు 200 రూపాయలు. మేడకు ఆ పంక్తి పదునేడవ వంతు మించలేదు. గుడిసెకు ఆరవ వంతు ఆయెను. విద్యుత్తు కరవై విపణికి పరుగెత్తవలసిన ఘడియను తెచ్చినది ఏ యింటి వాడుక? ఆ వెలను అధికపాళ్లలో మోసినది ఏ యిల్లు? ధనవంతుని విలాసమునకు బీదవాని చందా అని మేమనిన కొందరికి కోపము రావచ్చును. లెక్క తప్పని చూపిన సంతోషింతుము.

కనుక పొదుపు బోధ మొదట వినవలసినవాడు పట్టణములోని ఉన్నతోద్యోగి, వర్తకుడు, వకీలు, వైద్యుడు. సూటిగ చెప్పిన, ఈ పత్రిక చదువువారిలో అనేకులు. వారికి అది పరోపకారము మాత్రమే కాదు, స్వలాభము కూడ. 300 యూనిట్లు వాడు ఇంటివారు కడపటి 75 యూనిట్లు మానుకొనిన మిగులు సొమ్ము 656 రూపాయలు. వారు వాడు మొదటి 125 యూనిట్ల వెల 417 రూపాయలే! శిఖరమున కొంచెము గొరిగిన చాలును. పునాదిని తాకనక్కర లేదు.

ఆ శిఖరమున కూర్చుండినది ఏసీ. పాతబడిన ఒకటిన్నర టన్ను యంత్రము తెరపి లేక నడచిన గంటకు ఇంచుమించు ఒకటిన్నర యూనిట్టు మ్రింగును. నడుమనడుమ ఆగుచు నడచినను, రాత్రికి ఎనిమిది గంటలు వేసినచో నెలకు 200 యూనిట్లు దాటుట సులభము. చలి పుట్టునట్లు 20 డిగ్రీలకు త్రిప్పి, ఆపై దుప్పటి కప్పుకొని నిద్రించు నాగరికత మన యూళ్లలో ప్రబలుచున్నది. దానిని ఏమనవలెనో మాకు తోచుట లేదు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది నూటికి ఆరు పాళ్లు మిగులునని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. 2020 జనవరి 1నుండి నక్షత్రపు గుర్తుగల ఏసీలన్నియు మొదట 24 డిగ్రీలవద్దనే తెరచుకొనునట్లు తయారు కావలెనని నియమము చేసిరి. 26 వద్ద నిలిపి, పైన పంకాను మెల్లగ త్రిప్పిన, నిద్రకు లోపముండదు. బిల్లులో మూడవవంతు తగ్గుట కండ్ల జూడవచ్చును.

గీజరు సంగతి సంగ్రహముగ చెప్పుదము: 2,000 వాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్టు. స్నానమునకు ముందు వేసి, పిదప ఆర్పుట మరచువారు నీటిని కాదు, రూపాయలను కాచుచున్నారు. టీవీని ఆర్పితిమనుకొని సెట్‌టాప్ పెట్టెను వెలుగుచుండనిచ్చు అలవాటు ఇంటింటను ఉన్నది. అది పది వాట్లు లాగినను నెలకు ఏడు యూనిట్లు. మేడమీది తొట్టి నిండి గంటసేపు వీధిలోనికి పొర్లుచుండ మోటారు ఆర్పువాడుండడు. ఒక హార్సు పవరు మోటారు గంటకు ముప్పాతిక యూనిట్టు; పోయిన నీరు దానికి అదనము. మోటారును, బట్టలుతుకు యంత్రమును పగటివేళ నడుపుట మేలు. పగలు సౌరవిద్యుత్తు సమృద్ధిగ దొరకును. ప్రొద్దు క్రుంకిన పిమ్మట అది అంతరించి, ఇండ్లన్నిట దీపములు, ఏసీలు ఒక్కసారి మేల్కొనును. కరవు ఆ సాయంకాలపు నాలుగు గంటలదే. ఆ వేళ మిగిలిన యూనిట్టు, మధ్యాహ్నము మిగిలిన యూనిట్టు వెలలో సమానములు కావు.

తెలంగాణమున పరిస్థితి కొంత భిన్నము. 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకము క్రింద అర్హులైన కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితము. 201వ యూనిట్టు తిరిగినచో ఆ నెల బిల్లంతయు చెల్లింపవలెను. ఒక్క పంకా, ఒక్క పెట్టె, ఒక్క మరపు ఆ గీటును దాటింపగలదు. అచ్చటి గృహిణులు నెల నడుమనే మీటరు చూచి సంసారము దిద్దుకొనుచున్నచో, ఆ తెలివి మెచ్చదగినది. 190 యూనిట్లతో నిలిచిన ఇల్లు ఎట్లు నిలిచినదో పొరుగింటికి చెప్పుట ఉపన్యాసములకంటె ఎక్కువ పని చేయును.

ఇక బీదవాని మాట. వానికి పొదుపు నేర్పబూనుట హాస్యాస్పదము. వాని ఇంట వృథాయగునది లేదు. కాని వాని పంకా పాతది. 75 వాట్ల పంకా దినమునకు 15 గంటలు తిరిగిన నెలకు 34 యూనిట్లు ఖర్చగును. 30 వాట్లతో తిరుగు బీఎల్‌డీసీ పంకాకు 13 చాలును. తేడా 20 యూనిట్లకు పైమాట. కొత్త పంకా వెల మూడువేల రూపాయలనుకొందము. యూనిట్టుకు 8 రూపాయల 75 పైసలిచ్చు ధనికునికి ఆ సొమ్ము ఏడాదిన్నరలో తిరిగివచ్చును. యూనిట్టుకు 1 రూపాయి 90 పైసలిచ్చువానికి ఆరేండ్లు దాటును. అంతకాలము ఎదురుచూచుటకు వానివద్ద మూడువేలు ఉండవలెను గదా! పొదుపు చేయుటకును పెట్టుబడి కావలెనను కఠిన సత్యమును బోధకులు గ్రహించినట్లు కానరాదు.

ఈ చిక్కునకు విరుగుడు మనకు తెలియనిది కాదు. ఎల్‌ఈడీ బల్బులను ప్రభుత్వరంగ సంస్థ టోకున కొనుట ఆరంభించిన 2014లో ఒక్కొక్కటి 310 రూపాయలు పడెను. 2016 నాటికి 38 రూపాయలకు దిగెను. 2015 జనవరిలో ఆరంభమైన ఉజాలా పథకముమూలమున 36 కోట్లకు పైగ బల్బులు దేశమున పంచబడినవి. 60 వాట్ల తీగ బల్బు చేయు పనిని 9 వాట్ల బల్బు చేయుచున్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును చీకటిలో ముంచినప్పుడు, కూలిన వీధిదీపములస్థానమున ఎల్‌ఈడీ దీపములు నిలిపి ఆ నగరము దేశమునకు దారి చూపినది. పంకాలకును అట్టి టోకు కొనుగోలు కార్యక్రమమును 2023 నవంబరులో ప్రకటించిరి. కోటి పంకాలు లక్ష్యమనిరి. బల్బు చేరిన ప్రతి ఇంటికిని పంకా చేరవలెను. వాయిదాలమీద నిచ్చి, నెలనెలా బిల్లులో పది రూపాయలో ఇరువది రూపాయలో రాబట్టుకొనినను ఎవరును కాదనరు. ట్రూ-అప్‌కు బిల్లులో చోటు దొరకినప్పుడు పంకా వాయిదాకు దొరకదా?

పొదుపును జాతి యావత్తును కలిసి చేసిన ఉదాహరణము ఒకటి కలదు. 2011 మార్చిలో భూకంపము, ఉప్పెన, ఫుకుషిమా అణుకేంద్ర ప్రమాదము జపానును క్రుంగదీసినవి. ఆ వేసవిలో టోక్యో, తొహోకు ప్రాంతములయందు గరిష్ఠ వాడుకను నూటికి 15 పాళ్లు తగ్గింపవలెనని నిశ్చయించిరి. ప్రభుత్వము గృహస్థులను కోరినది. 500 కిలోవాట్లకు మించి వాడు పెద్ద సంస్థలను మాత్రము చట్టముచే కట్టడి చేసినది. కార్యాలయములలో ఏసీని 28 డిగ్రీలవద్ద నిలిపి, ఉద్యోగులు కోట్లు, టైలు విడిచి పని చేసిరి. ఇంటివానిని అడుగుట, పెద్దవానిని శాసించుట: ఈ వరుసను మన యేలికలు గమనింపవలెను. మనయొద్ద ఇంటివానికి శాసనము బిల్లు రూపమున వచ్చుచున్నది. సచివాలయములలోని గదులకు విన్నపమైనను వెళ్లుచున్నదా? పట్టపగలు వెలుగు వీధిదీపములు, మనిషి లేని గదులలో తిరుగు పంకాలు ఏ కచేరికి పోయినను కానవచ్చును. ప్రభుత్వశాఖలే పంపిణీ సంస్థలకు పడియున్న బకాయిలు ఏండ్లతరబడి తీరకుండుట అందరెరిగినదే. తీగలలోను, దొంగ కలపుళ్లలోను పోవు విద్యుత్తు వెలయు చివరకు నిజాయితీగల బిల్లుదారుమీదనే వ్రాలుచున్నది.

కనుక రాబోవు సర్దుబాటు వసూళ్లను యూనిట్టుకింత అని అందరిపై నొకేరీతిగ వేయక, శ్లాబు వెంబడి హెచ్చగునట్లు విధింపవలెననియు, 75 యూనిట్లలోపు ఇండ్లను విడిచిపెట్టవలెననియు మేము కోరుచున్నాము. ఇందు కొత్త సూత్రమేదియు లేదు. ధరల పట్టికలో ఉన్న న్యాయమే సర్దుబాటునకును కావలెనని మా వాదము.

ఈ మాట చెప్పుటకు తగిన స్థలము కలదు. పంపిణీ సంస్థలు రాబోవు యేటి ఆదాయవ్యయముల అంచనాలను సాధారణముగ నవంబరు నెలాఖరున నియంత్రణ మండలికి సమర్పించును. పిమ్మట మండలి ప్రజలనుండి అభ్యంతరములు స్వీకరించి, బహిరంగ విచారణ జరిపి, ఏప్రిల్ ఒకటికి ముందు ధరలు నిర్ణయించును. ఆ విచారణలకు పరిశ్రమలవారి న్యాయవాదులు తప్పక వత్తురు. గృహస్థులు ఎంతమంది పోవుచున్నారు? ప్రతి పఠనమందిరమువారును ఆ దరఖాస్తుల సారాంశమును ఒక పుటలో తేటతెలుగున వ్రాసి గోడకు అంటింపవలెను. బిల్లు చదువగలిగినవారు ఇరుగుపొరుగు ఇండ్ల బిల్లులు పది చేర్చి, 50 యూనిట్ల ఇంటి సర్దుబాటును, 500 యూనిట్ల ఇంటి సర్దుబాటును ప్రక్కప్రక్కన చూపుచు అభ్యంతరము వ్రాసి పంపవలెను. ఆ కాగితమునకు కావలసిన మొదటి బిల్లు మీ యింటి బల్లమీదనే ఉన్నది.