ఇనోయె ఎవరి మీద గెలిచాడు?



మన హాస్టల్ టీవీ గదిలో క్రికెట్ మీద జరిగే వాదనలకు లెక్కలేదు. బాక్సింగ్ మాటెత్తితే మాత్రం మేరీ కోమ్, నిఖత్ జరీన్, టైసన్ పేర్లతో సరిపెడతాం. అయినా ఈ వార్షికోత్సవ సంచికకు వ్యాసం అడిగినప్పుడు మేము జపాన్ బాక్సర్ నవోయా ఇనోయె గురించే రాయాలనుకున్నాం. అతని గెలుపుల కోసం కాదు. ఆ గెలుపులను చూసి కొందరు వేసే ప్రశ్న కోసం. “గెలిచాడు సరే, గట్టివాళ్ల మీద గెలిచాడా?” అన్నదే ఆ ప్రశ్న.

తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. ఇనోయె 1993లో జపాన్‌లోని కనగావా ప్రాంతంలో పుట్టాడు. తండ్రి షింగో ఇళ్లకు రంగులు వేసే పనిలో ఉంటూనే కొడుకులిద్దరికీ బాక్సింగ్ నేర్పాడు. నవోయా 2012లో ప్రొఫెషనల్‌గా మారాడు. 2025 డిసెంబరు 27న రియాద్‌లో అలన్ పికాసో మీద గెలిచేనాటికి 32 బౌట్లు ఆడితే 32 గెలుపులు, అందులో 27 నాకౌట్లు. 49 కిలోల లైట్ ఫ్లై వెయిట్ నుంచి 55 కిలోల సూపర్ బాంటమ్ దాకా నాలుగు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు. ఆ నాలుగింటినీ 2022లో బాంటమ్‌లో, 2023లో సూపర్ బాంటమ్‌లో ఒక్కడే పోగేశాడు. పురుషుల్లో రెండు బరువుల్లో ఈ పని చేసినవాళ్లలో అమెరికాకు చెందిన టెరెన్స్ క్రాఫోర్డ్ తర్వాత ఇతను రెండోవాడు.

విమర్శకుల మాట మరీ కొట్టిపారేయదగ్గది కాదు. 2014లో రెండు రౌండ్లలో పడగొట్టిన ఒమర్ నర్వాయెజ్‌కు అప్పటికి 39 ఏళ్లు. 2022లో రెండో రౌండ్‌లోనే ముగించిన నోనిటో డొనేర్‌కూ 39 ఏళ్లే. 2024 సెప్టెంబరులో ఎదురు నిలిచిన డోహెనీకి 37 ఏళ్లు, నడుము పట్టేసి ఏడో రౌండ్‌లో తప్పుకున్నాడు. 2025 జనవరిలో అసలు ప్రత్యర్థి సామ్ గుడ్‌మన్‌కు సాధనలో రెండుసార్లు కంటి దగ్గర చీరుకుపోవడంతో, కిమ్ యే జూన్‌ను చివరి నిమిషంలో తెచ్చి నిలబెట్టారు. అతను నాలుగు రౌండ్లే నిలిచాడు. పైగా 32 బౌట్లలో జపాన్ బయట ఆడినవి ఆరే. ఇవన్నీ నిజాలే. దస్మరీనాస్, దిపేన్ లాంటి పేర్లను జాబితాలోంచి తీసేయమంటే మేమూ అడ్డుచెప్పం.

కానీ ఒక సంగతి గమనించాలి. బెల్టు ఉన్నవాడు తనకు నచ్చినవాడితోనే ఆడతానంటే కుదరదు. ఒక్కో సంస్థా తన వరుసలో ముందున్నవాడిని తప్పనిసరి ప్రత్యర్థిగా నిర్ణయిస్తుంది. అతనితో ఆడకపోతే బెల్టు పోతుంది. దస్మరీనాస్ అలా ఐబీఎఫ్ వరుసలోంచి వచ్చినవాడే. నాలుగు బెల్టులు కావాలంటే నాలుగు వరుసలను మోయాలి. బస్సు పాసు కోసం నాలుగు ఆఫీసుల్లో సంతకాలు పెట్టించుకున్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు!

ఇక అసలు విషయం. ప్రత్యర్థి గట్టివాడా కాదా అన్నది ఎలా తేల్చాలి? బౌట్‌కు ముందు అతని పేరు మనం విన్నామా లేదా అన్నదాన్ని బట్టి చాలామంది తేలుస్తారు. ఈ చిన్న బరువుల్లో ఆడేవాళ్లు ఎక్కువగా ఫిలిప్పీన్స్, మెక్సికో, థాయిలాండ్, ప్యూర్టోరికో, జపాన్ వాళ్లు. అమెరికా టీవీలు పెద్ద బరువులవాళ్లను చూపినంతగా వీళ్లను చూపవు. పేరు వినలేదు కాబట్టి బలహీనుడే అనుకోవడం తేలిక. మేము మరో కొలత పెట్టుకున్నాం. ఇనోయె చేతిలో ఓడినవాడు ఆ తర్వాత ఏం చేశాడు?

2013లో జపాన్ జాతీయ టైటిల్ కోసం ర్యోయిచి తగుచితో ఆడాడు. అప్పుడు తగుచి ఎవరో బయటి ప్రపంచానికి తెలియదు. ఇనోయె అతన్ని పడగొట్టలేక పాయింట్ల మీదే గెలిచాడు. ఆ తగుచి మరుసటి ఏడాది చివర్లో డబ్ల్యూబీఏ ఛాంపియన్ అయ్యాడు, 2017లో ఐబీఎఫ్ బెల్టు కూడా కలుపుకున్నాడు. 2019లో గ్లాస్గోలో రెండో రౌండ్‌లో ఓడిన ఎమాన్యుయెల్ రోడ్రిగెజ్ 2023లో అదే ఐబీఎఫ్ టైటిల్ మళ్లీ గెలిచాడు. 2020లో లాస్ వెగాస్‌లో ఓడిన జేసన్ మొలోనీ 2023లో డబ్ల్యూబీఓ ఛాంపియన్. 2023లో ఓడిన స్టీఫెన్ ఫుల్టన్ అప్పటిదాకా ఓటమి ఎరగనివాడు. 2025 ఫిబ్రవరిలో పై బరువుకు వెళ్లి డబ్ల్యూబీసీ టైటిల్ తెచ్చుకున్నాడు. డొనేర్ సంగతి ఇంకా చిత్రం. 2019 నవంబరులో సైతమాలో ఇనోయె కంటి ఎముక, ముక్కు ఎముక విరగ్గొట్టి పన్నెండు రౌండ్లూ నిలిచాడు. ముసలివాడని అందరూ అనుకున్న ఆ మనిషే 2021 మేలో 38 ఏళ్ల వయసులో నార్డిన్ ఉబాలీని నాకౌట్ చేసి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బలహీనులైతే ఇంతమంది లేచి వెళ్లి బెల్టులు ఎలా కట్టుకున్నారు?

ఈ ప్రశ్న మాకు ఎందుకు తగిలిందో చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు. పీజీ సీటు వచ్చిన రోజు మా ఊళ్లో ఒక పెద్దాయన “మీకేంటిరా, మీలో మీకే పోటీ, గట్టివాళ్లు ఎవరున్నారు?” అన్నాడు. ఆ పోటీలో మా పక్కన కూర్చుని రాసినవాళ్లలో పగలు కూలికి వెళ్లి, రాత్రి వీధిదీపం కింద చదివినవాళ్లు ఉన్నారు. ఆయనకు వాళ్ల పేర్లు తెలియవు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. ఈ పత్రిక చదివే ప్రతి తమ్ముడూ ఏదో ఒక రోజు ఈ మాట వింటాడు. వినే ఉంటాడు కూడా.

పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాద్ నిఖత్ రెండో బౌట్‌కే ఓడిపోయిందని 2024లో చాలామంది పెదవి విరిచారు. సీడింగ్ లేకపోవడంతో ఆ రెండో బౌట్‌లోనే టాప్ సీడ్ వూ యూ ఎదురైంది, ఆ చైనా అమ్మాయే చివరికి స్వర్ణం గెలిచింది. ఈ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

పేరు లేనివాళ్లనుకున్నవాళ్లే ఇనోయెను నేలమీద పడేయడం ఇంకో విశేషం. 2024 మేలో టోక్యో డోమ్‌లో లూయిస్ నేరి మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. ఇనోయె కింద పడడం అదే మొదటిసారి. లేచి ఆరో రౌండ్‌లో ముగించాడు. మరుసటి మేలో లాస్ వెగాస్‌లో రామోన్ కార్డెనాస్ రెండో రౌండ్‌లో పడేశాడు. అప్పుడు ఎనిమిదో రౌండ్‌లో ముగిసింది. వీళ్లిద్దరూ గట్టివాళ్లు కారని ఒక నోటితో, ఇనోయె గవదకు బలం లేదని అదే నోటితో అంటే ఎలా?

అంతమాత్రాన అతని జాబితాలో వెలితి లేదని మేము అనం. ఉంది. కానీ విమర్శకులు చూపేచోట కాదు. 2017 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని కార్సన్‌లో ఒకే రాత్రి, ఒకే రింగులో సూపర్ ఫ్లైవెయిట్ మేటివాళ్లంతా ఆడారు. శ్రీసాకెత్, రోమన్ గొంజాలెజ్ తలపడ్డారు. ఎస్ట్రాడా, క్వాడ్రాస్ తలపడ్డారు. ఇనోయె కూడా అదే రాత్రి ఆడాడు, అయితే ఆంటోనియో నీవెస్ అనే మామూలు బాక్సర్‌తో! ఆ నలుగురిలో ఒక్కరితోనైనా ఆడకుండానే పై బరువుకు వెళ్లిపోయాడు. తప్పు అతని ఒక్కడిదే అనలేం, ఇద్దరు ప్రమోటర్లు, రెండు టీవీలు ఒప్పుకుంటే తప్ప ఇవి కుదరవు. అయినా ఆ బౌట్లు జరగకపోవడం నష్టమే. గొంజాలెజ్‌తో అతను ఆడి ఉంటే ఈ వ్యాసమే అక్కర్లేకపోయేది.

2025 సెప్టెంబరు 14న నగోయాలో ఉజ్బెకిస్తాన్ బాక్సర్ మురోద్జోన్ అఖ్మదాలియెవ్‌తో ఆడాడు. అతను రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినవాడు, డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్ మాజీ ఛాంపియన్. తమను ఇనోయె తప్పించుకు తిరుగుతున్నాడని అతని వర్గం చాలాకాలంగా అంటూ వచ్చింది. ఆ రోజు ఇనోయె నాకౌట్ కోసం ఎగబడలేదు. పన్నెండు రౌండ్లూ కొట్టి జరిగి, కొట్టి జరిగి, 118-110, 118-110, 117-111 పాయింట్లతో గెలిచాడు. ఎవరి మీద గెలిచాడని అడిగే మిత్రుడికి మేము చూడమని చెప్పే బౌట్ ఇదే. చూసేటప్పుడు చేతులు కాదు, కాళ్లు చూడండి.